వెర్నా అడిగిన చిన్న కారు

మా ఆవిడ వెర్నాకి ఎడమ తుంటి ఎముక మార్చిన ఏడాది, అక్టోబరులో, చిన్న కారు ఒకటి కొందామని అడిగింది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమె నన్ను నోరు తెరిచి అడిగినవి చాలా తక్కువ. ఒకసారి కుట్టుమిషను, ఇంకోసారి వంటింటికి పెద్ద కిటికీ. ఆ తర్వాత ఈ కారే.

మాది కెనడాలో, సస్కాచ్వాన్ రాష్ట్రంలో మిర్నా అనే చిన్న ఊరు. రెండొందల గడప ఉంటుందేమో. అక్కడి ధాన్యం గిడ్డంగిలో మేనేజరుగా చేసి రిటైరయ్యాను. మా ఊళ్లో మగవాడన్నవాడు పికప్ ట్రక్కు నడుపుతాడు. పొలం ఉన్నా నడుపుతాడు, లేకపోయినా నడుపుతాడు. నాకు పొలం లేదు. నాన్న పోయాక నా వాటా తమ్ముడికి అమ్మేశాను. అయినా ఊళ్లో ఉన్న ట్రక్కులన్నిటిలోకీ నాదే ఎత్తు. ఏడాదికి రెండుసార్లు ఊరవతల చెత్త పారబోసి రావడం తప్ప దాని వెనక తొట్టి మోసిన బరువేమీ లేదు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వెర్నా గోడ మీది క్యాలెండరులోంచి సెప్టెంబరు కాగితం చింపి, వెనక్కి తిప్పి, మధ్యలో నిలువుగా గీత గీసింది.

"యార్క్‌టన్‌లో ఒక కారుంది ఓరెస్ట్. ఐదేళ్ల పాతది. చిన్నది, చవకగా ఇస్తున్నారు. నువ్వూ చెప్పు, నేనూ చెప్తా. ఇటు మంచి, అటు చెడ్డ. ఎటు ఎక్కువుంటే అటు."

మంచి వైపు ఆమె తనే నాలుగు రాసుకుంది. ధర తక్కువ. పెట్రోలు తక్కువ తాగుతుంది. ఎక్కడైనా నిలుపుకోవచ్చు. నాలుగోది మిగతావాటికంటే సన్నటి అక్షరాల్లో రాసింది: ఎక్కడం దిగడం తేలిక. నేను అది చదివాను. చదివి వదిలేశాను.

ఇక నా వంతు వచ్చింది. నేను కాళ్లు చాపుకుని వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయాను. కారు అడుగు నేలకి ఆనుకునుంటుంది, మన కంకర రోడ్ల మీద రాళ్లు తగిలి చిల్లులు పడతాయి. మంచు అడుగెత్తున పడితే గడప దాటి కదలదు. హైవే మీద పెద్ద లారీ పక్కనుంచి పోతే ఆ గాలికే ఊగిపోతుంది. జింక అడ్డమొస్తే జింక లేచి వెళ్లిపోతుంది, మనం మిగలం. నేను ఆరడుగుల మూడంగుళాలున్నాను, అందులో కూర్చుంటే మోకాళ్లు చెవులకి తగులుతాయి.

"బంగాళాదుంపలు ఎందులో తెస్తావు? అది చెప్పు," అన్నాను ఊపులో.

"తోట ఇంటి వెనకాలేగా ఓరెస్ట్," అంది వెర్నా. అయినా రాసింది. చెడ్డ వైపు కాగితం అడుగు దాకా నిండిపోయింది. ఆమె పెన్ను మూత పెట్టి, కాగితం మడిచి ఏప్రన్ జేబులో వేసుకుంది.

నేను చెప్పినవి చాలామటుకు నిజాలే. కానీ అసలు కారణం వాటిలో లేదు. మా ఊళ్లో ఎవలిన్ నడిపే హోటలుంది. రోజూ పొద్దున్నే మేం పదిమందిమి మగవాళ్లం కిటికీ పక్కనున్న పొడవాటి బల్ల దగ్గర చేరి పది దాకా కాఫీ తాగుతాం. రెండేళ్ల కిందట, ఆ పదిమందిలో లాయిడ్ అనేవాడి బావమరిది ఒక చిన్న కారు కొని హోటలు ముందు నిలిపాడు. అతను లోపల కాఫీ తాగుతుండగా మేం నలుగురం వెళ్లి ఆ కారుని చేతులతో ఎత్తి, రెండు కరెంటు స్తంభాల మధ్య అడ్డంగా ఇరికించి వచ్చాం. అతనూ నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? ఏడాది తిరక్కుండా ఆ కారు అమ్మేశాడు. ఎత్తిన నలుగురిలో ముందు చెయ్యి వేసింది నేనే. ఆ కిటికీ ముందు, ఆ పదిమంది చూస్తుండగా, అలాంటి కారులోంచి నేను దిగడం నాకు ఊహకే మింగుడు పడలేదు.

మర్నాడు పొద్దున బల్ల దగ్గర కారు సంగతి నేనే కదిపాను. అది ఇంకెవరి నోటైనా ముందు వింటే నన్ను చూసి నవ్వుతారు, నేనే ముందు చెబితే వెర్నాని చూసి నవ్వుతారు. నేను అప్పుడు అంత స్పష్టంగా ఆలోచించానని కాదు. కానీ చేసింది మాత్రం అదే.

"మా ఆవిడ కారు కొంటుందటర్రా. కారంటే కారు కాదు, చెప్పు లాంటిది. అందులో ఎక్కక్కర్లేదు, కాలికి తొడుక్కోవడమే," అన్నాను.

"జత కొంటోందా, ఒకటేనా?" అన్నాడు లాయిడ్.

బల్లంతా నవ్వింది. ఆ నవ్వు నాకు వేడి కాఫీలా దిగింది. ఇంకా కావాలనిపించింది. లేచి నిలబడ్డాను.

"అసలు సంగతేంటంటే దానికి ట్రక్కు నడపడం రాదు. స్టీరింగు ముందు కూర్చోబెడితే గుడ్లు పొదిగే కోడే." కుర్చీలో ముడుచుకుని, మెడ సాచి, కళ్లు చికిలించి చూపించాను. గొంతు సన్నం చేసి, "ఓరెస్ట్, రోడ్డేదీ? మనం ఇంకా కెనడాలోనే ఉన్నామా?" అన్నాను.

నెస్టర్‌కి నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి. "మళ్లీ చెయ్యరా, మళ్లీ చెయ్యి!" అని బల్ల చరిచాడు. మళ్లీ చేశాను. రెండోసారి మెడతో పాటు రెక్కలు కూడా ఆడించాను. ఎవలిన్ ఒక్కతే నవ్వలేదు. కాఫీ కూజా పట్టుకుని నన్ను ఒక చూపు చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో బీట్‌రూట్ పులుసు ఉంది. వెర్నా వడ్డించింది, కూర్చుంది, తింది. రెండు రోజులాగి నేనే పెద్దమనసు చేసుకున్నవాడిలా, "కారు సంగతి ఏం చేద్దాం?" అన్నాను.

"చెడ్డ వైపే ఎక్కువుందిగా," అంది.

శీతాకాలం వచ్చింది. వెర్నా ప్రతి బుధవారం సాయంత్రం ట్రక్కు తీసుకుని, తొమ్మిది కిలోమీటర్ల అవతలున్న చర్చికి పాటలు సాధన చేయడానికి వెళ్లేది. నవంబరు చివర్లో మానేసింది. ఏమంటే, గొంతు బాగాలేదంది. కనోరాలో ఉన్న చెల్లెలు స్టెఫీ ఇంటికి నెలకోసారి వెళ్లేది, అదీ మానేసింది. రోడ్లు బాగాలేవంది. "నేను తీసుకెళ్తాగా" అంటే "వద్దులే" అంది. నేను రెండోసారి అడగలేదు. నిజం చెప్పాలంటే కొంచెం హాయిగా కూడా అనిపించింది. ట్రక్కు రోజంతా నా దగ్గరే ఉండేది. పెద్దతనం వస్తోంది, ఇంటిపట్టున ఉండాలనిపిస్తోంది కాబోలు అనుకున్నాను.

జనవరిలో ఒక పొద్దున, మైనస్ ముప్పై అయిదు చలి. లాయిడ్ ఇంటికి ఆల్బర్టా నించి చుట్టం వచ్చి మా బల్ల దగ్గర కూర్చున్నాడు. కొత్త మనిషి దొరికాడు కదా అని నేను మళ్లీ కారు కథ ఎత్తుకున్నాను. చెప్పు మాట అన్నాను. చుట్టం చిరునవ్వు నవ్వాడు. లేచి కోడిలా ముడుచుకున్నాను, మెడ సాచాను. ఎవరూ నవ్వలేదు.

లాయిడ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నెస్టర్ చక్కెర లేని కాఫీలో చెంచా తిప్పుతున్నాడు. నేను మెడ సాచి అలాగే ఉండిపోయాను.

"ఓరెస్ట్, ఇక చాలు," అంది ఎవలిన్ నా వెనక నించి.

"ఏం, పాతబడిందా?"

"మొదటిసారి నువ్వు ఆ ఆట ఆడిన రోజు వెర్నా నా వంటింట్లో ఉంది. చర్చి విందుకి చేసిన పిరోహీ కుడుములు నా ఫ్రీజర్‌లో పెట్టడానికి వెనక తలుపు దగ్గరికొచ్చింది. కర్ర పట్టుకుని నడిచొచ్చింది మీ ఇంటి నించి. నువ్వు రెండోసారి ఆడేదాకా నిలబడి వింది. కాఫీ తాగి వెళ్లమన్నాను. వద్దు, వచ్చిన దారినే పోతానంది."

నాకు కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు.

"అదొక్కటే కాదురా," అన్నాడు నెస్టర్, తలెత్తకుండా. "నవంబరులో చర్చి ముందు పడిపోయింది. నీ ట్రక్కు ఎక్కబోయి. కింద పాల పెట్టె వేసుకుని దాని మీద నించి ఎక్కుతుంది కదా, అది మంచు మీద జారింది. నేనూ ఫాదరూ లేపాం. ఓరెస్ట్‌కి చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుంది."

"పాల పెట్టేంటి?" అన్నాను.

అప్పుడు నా ముఖంలోకి చూశాడు. ముప్పై ఏళ్లుగా నాతో కాఫీ తాగినవాడు, నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "నీకు తెలీదా?" అన్నాడు.

డబ్బులు బల్ల మీద పెట్టానో లేదో గుర్తులేదు. బయటికొచ్చి ట్రక్కు తలుపు తీశాను. సీటు వెనక ప్లాస్టిక్ పాల పెట్టె ఉంది. దాన్ని నేను వందసార్లు చూశాను. పచ్చళ్ల సీసాలకి కాబోలు అనుకున్నాను. దాని అంచుకి ఎర్రటి ఊలు తాడు కట్టి ఉంది, మూడు పేటలుగా అల్లిన తాడు. పైకెక్కాక పెట్టెని లోపలికి లాక్కోవడానికి. ఆపరేషనైన నాటి నించీ, నేను పక్కన లేని ప్రతిసారీ, ఆ మనిషి అలా ఎక్కి అలా దిగుతూ వచ్చింది. నేను పక్కనున్నప్పుడు? "నువ్వు ఇంజను వేడి చెయ్యి, నేనొస్తా" అనేది. నేను ముందు చూస్తూ కూర్చునేవాణ్ని.

ఇంటికి వెళ్లే ధైర్యం చాలలేదు. యార్క్‌టన్ వైపు తిప్పాను.

కార్లమ్మే చోట గార్నెట్ అని తల నెరిసిన మనిషి ఉన్నాడు. అక్టోబరులో పేపర్లో వేసిన చిన్న కారు గురించి అడిగాను.

"అది క్రిస్మస్‌కి ముందే అమ్ముడుపోయింది. దాని మీద ఒకావిడ బాగా మోజుపడింది పాపం. పేపర్లో పడ్డ మొదటి రోజే చేతికర్ర పట్టుకుని, చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. అరగంట కూర్చుంది అందులో. తర్వాత ఏం చేసిందో తెలుసా? సంచిలోంచి దర్జీ టేపు తీసింది. డ్రైవరు సీటు కాదు, పక్క సీటు కొలిచింది. సీటు నించి ముందుకి ఎంతుంది, పైకప్పు దాకా ఎంతుంది. మా ఆయన కాళ్లు పొడుగండీ, టోపీ కూడా తియ్యడు అంది. ఇన్నేళ్లలో అలా కొలిచినవాళ్లని నేను చూళ్లేదు."

"పట్టాడా?" అన్నాను.

"ఎవరు?"

"వాళ్లాయన."

"రెండంగుళాలు మిగిలింది," అన్నాడు గార్నెట్.

అంటే నేను వంటింట్లో కాళ్లు చాపుకుని మోకాళ్లు చెవులకి తగులుతాయని చెప్పినప్పుడు ఆమెకి తెలుసు. తెలిసీ, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుంది.

అదే రకం కారు ఇంకోటుంది. రెండేళ్లు ఎక్కువ పాతది, ఆవపొడి రంగు. పక్క సీట్లో కూర్చుని చూశాను. పట్టాను. గార్నెట్ కాగితాలు తెచ్చాడు, నేను పెన్ను కూడా తీసుకున్నాను. తాళంచెవి తీసుకెళ్లి వెర్నా చేతిలో పెడితే ఆమె సంతోషిస్తుంది, ఇద్దరం ఆ కోడి సంగతి మాట్లాడుకోనక్కర్లేదు. ఆ మాట మనసులో అనుకోగానే నా మీద నాకే రోత పుట్టింది. పెన్ను తిరిగిచ్చేసి, ఇంటికొచ్చాను.

వెర్నా పిండి పిసుకుతోంది. నేను కోటు విప్పకుండానే తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఎవలిన్ చెప్పింది."

"ఏది?"

"నువ్వు ఆ రోజు హోటలు వంటింట్లో నిలబడి విన్నది. పడ్డది నెస్టర్ చెప్పాడు."

ఆమె చేతులు ఆగలేదు. "పడ్డం పెద్ద విషయం కాదు. మంచు మీద ఎవరైనా పడతారు." కాసేపటికి పిండి పక్కకి నెట్టింది. "పద్నాలుగేళ్లప్పుడు మా నాన్న ధాన్యం లారీ నేనే తోలుకొచ్చేదాన్ని. గేర్లు మార్చాలంటే రెండు చేతులూ వేసి లాగాలి. నువ్వప్పుడు సెలవుల్లో గిడ్డంగి దగ్గర పనిచేస్తున్నావు. కాటా మీదికి లారీ ఎక్కించి తలుపు తీసి దూకాను. నువ్వు నన్ను మొదటిసారి చూసిందే అక్కడ. గుర్తుందా?"

"ఉంది."

"మరి అది వాళ్లకి చెప్పలేదేం?"

నేను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాను.

"నీకు కారు ఇష్టం లేకపోతే ఇష్టం లేదను. నాకు సిగ్గేస్తోంది, నలుగురూ నవ్వుతారు అను. నేనేమీ అనేదాన్ని కాదు. దానికి నన్ను చేతకానిదాన్ని చెయ్యడమెందుకు? ఊరందర్నీ కూర్చోబెట్టి."

"తప్పయింది వెర్నా," అన్నాను. ఆ మాట నేలమీద పడి అక్కడే ఉండిపోయింది. ఆమె దాన్ని తీసుకోలేదు. చేతులు కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంది.

"ఇంకో కారుందా అక్కడ?"

"ఉంది. రంగు బాగోదు."

"రేపు వెళ్దాం. నడిపి చూస్తాను. నచ్చితే నా పేరు మీద కొంటాను, మా నాన్న ఇచ్చిన డబ్బుతో. నువ్వు పక్కన కూర్చో. మాట్లాడకు."

మర్నాడు ఆమె ట్రక్కు ఎక్కడం మొదటిసారి నిలబడి చూశాను. పెట్టె కింద పెట్టింది. కర్ర లోపలికి విసిరింది. కుడికాలు పెట్టె మీద వేసి, తలుపు పిడి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఎడమ తుంటిని చేత్తో ఎత్తుకున్నట్టుగా పైకి లాక్కుంది. నేను చెయ్యి అందించాను. ఆ చెయ్యి చూసి, "పెట్టె తియ్యి," అంది.

ఆవపొడి రంగు కారులో తలుపు తీసి అలా కూర్చుంది, అంతే. వెనక్కి వాలి ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. హైవే మీద పెద్ద లారీ ఎదురొచ్చి పోయినప్పుడు కారు నిజంగానే ఊగింది. వెర్నా స్టీరింగు బిగించి పట్టుకుంది, వేగం తగ్గించలేదు. లారీ దాటాక తనలో తనే నవ్వుకుంది. నేను మాట్లాడలేదు. ఆ సాయంత్రానికి కారు ఆమెదైంది.

నేను చెప్పిన చెడ్డలన్నీ అబద్ధాలు కావు. మొదటి వారంలోనే కంకర రాయి ఎగిరి ముందు అద్దానికి గీత పడింది. ఈదురుగాలితో మంచు కురిసిన రెండు రోజులు కారు బయటికి తియ్యలేకపోయాం. వెర్నా ఆ రెండు రోజులూ ఇంట్లో కూర్చుని అల్లుకుంది, మూడో రోజు చర్చికి వెళ్లింది. ఆ బుధవారం పాడి వచ్చి, ఇంట్లో కూడా గిన్నెలు తోముతూ పాడింది.

ఇంత జరిగాక నాకు బుద్ధి వచ్చిందనుకుంటారేమో. ఫిబ్రవరిలో ఒక పొద్దున నా ట్రక్కు బ్యాటరీ చచ్చిపోయింది. వెర్నా తన కారు తాళంచెవి ఇచ్చింది. హోటలు దాకా వెళ్లాను. కిటికీలో తలకాయలు కనిపించాయి. నా కాలు బ్రేకు మీదికి వెళ్లలేదు. నేరుగా ముందుకి పోయి, కోఆపరేటివ్ దుకాణం వెనక, సరుకు దించే షెడ్డు చాటున కారు నిలిపి, ముఖం కోసే చలిలో రెండు వీధులు నడిచి హోటలుకెళ్లాను. కాఫీ తాగాను. ట్రక్కేదని ఎవరూ అడగలేదు.

తిరిగి వచ్చేసరికి షెడ్డు దగ్గర వెర్నా నిలబడి ఉంది. పిండి కొనడానికి నడుచుకుంటూ వచ్చిందట. కారుని చూసింది, నన్ను చూసింది, కారుకీ హోటలుకీ మధ్యనున్న రెండు వీధుల్ని చూసింది.

"ఇక్కడ చోటు బాగా దొరికిందే," అంది.

చెయ్యి చాపింది. తాళంచెవి అందులో పెట్టాను. పిండి సంచి వెనక సీట్లో పెట్టుకుని, నన్ను అక్కడే వదిలి వెళ్లిపోయింది. ఎక్కమనలేదు. నేను కూడా ఎక్కుతాననలేదు. ఆ రోజు ఇంటికి నడిచినంత దూరం నా జీవితంలో ఎప్పుడూ నడవలేదు. పావు మైలు.

మర్నాడు హోటల్లో కూర్చోకుండా, బల్ల చివర నిలబడే చెప్పాను. "నేను వెర్నా గురించి చెప్పిందంతా కల్పించి చెప్పాను. అది మీ అందరికంటే బాగా నడుపుతుంది. నిన్న కారు కోఆపరేటివ్ వెనక దాచింది కూడా నేనే."

నెస్టర్ కప్పు కింద పెట్టాడు.

"తెలుసురా," అన్నాడు నెస్టర్. "చిన్నప్పుడు వాళ్ల నాన్న లారీ నడపడం మేమూ చూశాంగా. మా అందరికీ తెలుసు."

"అయినా నవ్వాం," అన్నాడు లాయిడ్. అని తన కప్పులోకి చూసుకున్నాడు. ఎవలిన్ వచ్చి అందరి కప్పుల్లోనూ కాఫీ పోసింది. నాకు కూడా పోసింది.

మార్చిలో రోడ్లు తెరిపిన పడ్డాక వెర్నా స్టెఫీ దగ్గరికి బయల్దేరింది. నేను కారు అద్దాల మీది మంచు గీకి, ఇంజను వేడెక్కించి పెట్టాను. నేనూ వస్తానని నోటిదాకా వచ్చింది. ఆమె రమ్మనలేదు, నేను అడగలేదు. పులుసు ఫ్రిజ్‌లో ఉందని, మూడు రోజుల్లో వస్తానని చెప్పి వెళ్లింది.

ఐదో రోజు సాయంత్రం వచ్చింది. చెంపలు ఎర్రగా ఉన్నాయి, జుట్టు స్టెఫీ కత్తిరించినట్టుంది, పొట్టిగా ఉంది. ఆలస్యమైందేమని నేను అడగలేదు. సంచి అందుకుని, రోడ్డు ఎలా ఉందని అడిగాను.

"బాగుంది," అంది వెర్నా.